ఎర్రదారం కట్టిన లొట్టి

పాలంపేట,
2 మార్చి 1981

మడికొండలో ఉన్న నా బంగారు సమ్మక్కకు,

నువ్వు పంపిన జాకెట్టు గుడ్డ అందింది. అడక్కుండా ఉండలేవు గనుక నేనే చెప్తున్నాను, ఈ నెల కూడా ఏమీ లేదు. పెళ్లయి ఏడేళ్లు, ఎదురుచూడడం మానేశాను. మా అత్త సోమక్క మాత్రం మానలేదు. పోయిన మంగళవారం నేను చెట్లకు కట్టే కల్లు లొట్లు వాకిట్లో కడుగుతుంటే వచ్చి చేతిలోంచి పీచు లాక్కుంది. “ఇగ లొట్లు ముట్టకు. గొడ్రాలి చెయ్యి తగిలితే కల్లు పులుస్తది” అంది. తాగడానికి వచ్చిన ఐదారుగురూ విన్నారు. మా ఆయన, నీ మరిది రాజమల్లు, చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని పక్కనే ఉన్నాడు. అమ్మను ఒక్క మాట అనలేదు, పైగా నవ్వాడక్కా. ఆ నవ్వు నేను చచ్చినా మరచిపోను.

రాజమల్లు చేతిలో వాసి ఉందని ఊరంతా అంటారు. చెట్టెక్కి గీసేది ఆయనే, కాదనను. కానీ ఏడేళ్లుగా లొట్టి లోపల చెయ్యి పెట్టింది ఎవరు? నిన్నటి కల్లు అడుగున మడ్డిగా అంటుకుంటుంది. దాన్ని పీచుతో గీకి, మరిగే నీళ్లు పోసి, ఎండలో బోర్లించి, చివర వరిగడ్డి పొగ పట్టాలి. ఇందులో ఏది తప్పినా మర్నాటి కల్లు ముక్కు మూసుకుని తాగాల్సిందే. అమ్మ నేర్పిన పని, నీకు తెలియనిదా! అత్తేమో చన్నీళ్లు ఒకసారి పోసి తిప్పి నీడలో పెడుతోంది. అడుగున కాస్త మడ్డి ఉంటేనే కల్లు బాగా పొంగుతుందట.

నేను చెప్పవచ్చు. చెప్పను. ముట్టొద్దన్నారు, ముట్టను. అప్పుడే ఇద్దరు ముగ్గురు మొహం తిప్పుకుని వేరేవాళ్లు కల్లమ్మే మండువాకు పోతున్నారు. ఆయన చెట్టును తిడుతున్నాడు, ఎండను తిడుతున్నాడు. నేను గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటున్నాను.

ఎల్లమ్మ పండుగ కాగానే ములుగు నుంచి ఇంకో పిల్లను చేసుకొస్తాడట. మాట కూడా అయిపోయింది. పండుగ అయ్యాక నేను నీ దగ్గరికే వస్తాను, వంటింటి పక్క గది ఖాళీ చేసి పెట్టు. కానీ ఊరికే రాను. వీళ్ల పరువు నలుగురిలో తీసి మరీ వస్తాను.

నీ చెల్లె,
మొగిలమ్మ

పాలంపేట,
29 మార్చి 1981

సమ్మక్కా,

ముందు కూర్చో, తర్వాత చదువు.

పండుగకు మా మంచి చెట్టు కల్లే ఎల్లమ్మ ముందు నేల మీద ధారగా సాక పోస్తారు. ఆ చెట్టుకు రెండు లొట్లు కడతాడు ఆయన. ముందురోజు అందులో ఒకటి కొట్టం వెనక్కి తీసుకుపోయి అమ్మ చెప్పినట్టే కడిగి, మెడకు ఎర్రదారం కట్టి, తిరిగి గోడ దగ్గర పెట్టాను. ఆయన చూసుకోకుండా రెండూ చెట్టెక్కించాడు.

పండుగనాడు మొదటి లొట్టి వంచి సాక పోశారు. మిగిలింది కులపెద్ద కట్టయ్య మామ ఒక గుక్క తాగి ఉమ్మేశాడు. “ఇదేం కల్లుర రాజమల్లూ? ఎల్లమ్మకు గిదా పోసేది?” అన్నాడు. అత్త వెంటనే నా మీదికి వేలు చూపింది. “ఇదే ముట్టి ఉంటది. నేను ముందుగాలనే జెప్పిన!” నేను కాచుకుని కూర్చున్నది ఆ మాట కోసమే.

“ముట్టిన అత్తా. ఆ లొట్టి గాదు, ఎర్రదారం కట్టిన ఈ లొట్టి. కట్టయ్య మామా, జర ఇది గూడ తాగి సూడుండ్రి.”

ఆయన తాగాడు. మళ్లీ దొప్ప చాపాడు. ఇంకోసారి చాపాడు. అప్పుడు అడిగాడు, “ఇది ఏ చెట్టుది?”

“అదే చెట్టు మామా. గీసింది అదే చెయ్యి. ఆ లొట్టి మా అత్త కడిగింది, ఈ లొట్టి గొడ్రాలు కడిగింది.”

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఈసారి నన్ను చూసి కాదు. నా గుండె నిండిపోయిందక్కా. కట్టయ్య మామ అందరి ముందే చెప్పాడు. “ములుగు ముచ్చట బందువెట్టు రాజమల్లూ. మొగిలమ్మ వాసన జూసి సరే అన్న లొట్టే ఇగ చెట్టెక్కాలె.”

ఇంటికొచ్చాక ఆయన నా ముందు కూలబడ్డాడు. “తప్పయింది మొగిలీ. రేపటికెళ్లి నువ్వే కడుగు” అన్నాడు. “నా చెయ్యి మంచిది గాదు గద, అత్తనే కడగమను. నేను సూస్త” అన్నాను.

అందుకే గది ఖాళీ చేయొద్దు, నేను రావడం లేదు. జాలి గల ఆడదైతే ఈపాటికి మన్నించేదేమో, నాకింకా తనివి తీరలేదు. పొద్దున్నే మంచమ్మీద కూర్చుంటాను, అత్త ఒక్కో లొట్టి తెచ్చి నా ముక్కు ముందు పెడుతుంది. నిన్న ఒకటి మూడుసార్లు కడిగించాను. అది మొదటిసారికే శుభ్రమైంది.

నీ చెల్లె,
మొగిలమ్మ