బురద అంటని సైకిల్

తెనాలి

కిరీటి బావకి,

గౌరవంగా అనుమానిస్తూ రాస్తున్నాను.

ఆదివారం బాపట్ల పోటీ గురించే. వాయుగుండం వానలో ఈత, చేలగట్ల మీద సైకిల్, ఇసుకలో పరుగు, మూడింటిలోనూ నీ వీపైనా నాకు కనపడలేదు. అది ఓర్చుకున్నాను. కానీ నల్లమట్టికి చక్రాలు తిరగక మేమంతా సైకిళ్లను భుజాన మోసుకొస్తే, స్టాండులో నీది మాత్రం అప్పుడే కొన్నట్టు మెరుస్తోంది. ట్రాలీ ఆటోలో వచ్చావని నిర్వాహకులకు ఫిర్యాదిచ్చాను. నీ మొదటి బహుమతి ప్రస్తుతం విచారణలో ఉంది.

సాక్ష్యం కోసం నిన్న రేపల్లె వెళ్లి మీ అమ్మనే అడిగాను.

"ఆటో ఏంట్రా, నీ మొహం. పొలంలోంచి వస్తే కాళ్లూ పారా కాలువలో కడిగితేగాని రోడ్డెక్కడు వాడు. మీ మావయ్య చేసిన అలవాటు. అక్కడా ఆగి కడిగుంటాడు," అంది అత్తయ్య.

పోటీ దారిలో కాలువ దగ్గర కాపలా ఉన్న వాలంటీరుకు ఫోన్ చేశాను. చూశాడట. చక్రాల సందుల్లో పుల్ల పెట్టి మరీ గీకావట.

అంటే పందెం మధ్యలో తీరిగ్గా సైకిల్ కడుక్కుని కూడా నాకంటే ముందొచ్చావు.

ఫిర్యాదు ఈరోజే వెనక్కి తీసుకుంటాను బావా. ఆటోలోనే వచ్చానని నాకొక్కడికి ఒప్పుకో, చాలు.

అనుమానం తీరడం ఇష్టంలేని
నీ బావమరిది