నత్త జిగురు మందు

మేడం గారికి,

కోడి కెలికినట్టున్న నా రాతకు, ముందుగా ఏడు తరాల మా వంశం తరఫున సాష్టాంగ క్షమాపణలు.

నత్త జిగురు మీద మన పరిశోధనకు డబ్బిస్తున్న ట్రస్టు మామ్మగారు నిన్న చేతికర్ర ఊతంతో మెట్లన్నీ ఎక్కి వచ్చి, "మందు తయారైందా తల్లీ?" అని అడిగారు. పెద్దావిడకు మతి తప్పిందని మీరు జాలిపడ్డారు. నేను నత్తల తొట్టె వెనక వాటికన్నా ముడుచుకుపోయాను.

ఆవిడ మతి నిక్షేపంగా ఉంది మేడం. మొదటిసారి వచ్చినప్పుడు "దీనివల్ల ఏం ఉపయోగం?" అని ఆవిడ అడిగితే, "ఇంకా తెలీదండీ, తెలుసుకుందామనే" అని మీరు నిజం చెప్పారు. ఆ నిజానికి పైసా రాలదని నాకు భయమేసింది. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ, "ఈ జిగురుతో మీ మోకాళ్ళ నొప్పి మాయం, మామ్మగారూ" అన్నది నేనే.