నీ పాత్రకి వేరే అమ్మాయి

చెల్లీ,

పోయిన నెల ఆడిషన్ నుంచి నువ్వు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయావని మేకప్ ఆవిడ చెప్పింది. అప్పుడు నేను పక్క గదిలోనే ఉన్నాను. బయటికి ఎందుకు రాలేదో చెప్పాలనే ఈ ఉత్తరం.

ఈ సీరియల్ నీ జీవితమే, కాదనను. నల్లగా ఉన్నావని చుట్టాల ముందుకు రానివ్వని అత్తగారిని నిలదీసి నువ్వు ఆ ఇంటి గడప దిగిన రోజే, దీన్ని రాయాలనుకున్నాను. ఆడవాళ్ళ పక్షాన రాస్తానని నాకు పేరుంది. ఆ పేరుతోనే ఈ కథకి నిర్మాతని ఒప్పించగలిగాను.

నిర్మాత నీ ఆడిషన్ చూసి, "బాగా చేస్తుందమ్మా, కానీ నిజంగానే ఇంత నలుపంటే జనం చానల్ మార్చేస్తారు" అన్నాడు. తెల్లటి అమ్మాయిని తీసుకుని రంగు పూద్దామన్నది మాత్రం నేనే. వేరేవాళ్ళ నోట వినేకన్నా నా నోట వినడం మంచిది. పాపం, రోజూ రెండు గంటలు ఆ రంగు పూయించుకోలేక ఆ అమ్మాయి ఏడుస్తోంది.

నాకు నీతో ఒక పని పడింది. అత్తగారిని నిలదీసే సీనులో ఆ అమ్మాయికి కోపం పలకడం లేదు. గొంతు నువ్విస్తే బాగుంటుంది. "నా రంగుకి సిగ్గుపడాల్సింది నేను కాదు" అని ఆ రోజు ఎలా అన్నావో, అచ్చం అలాగే అనాలి.

సోమవారం పొద్దున రా. వెనక గేటు నుంచి రా, ముందు పత్రికలవాళ్ళుంటారు.

నీ అక్క