జవాబు వస్తుందనే మాట తీసేయండి

బాన్సువాడ,
12 ఆగస్టు 2005

సుజనక్కా,

మీరు మా కంప్యూటర్ కేంద్రంలో పెట్టి వెళ్లిన, రోగం గురించి ప్రశ్న కొడితే డాక్టర్లు జవాబిచ్చే ప్రోగ్రామ్ గురించి రాస్తున్నాను. జవాబులిచ్చే డాక్టర్లు మార్చిలోనే మానేశారని పోయిన నెల ఫోన్ చేస్తే గానీ నాకు తెలియలేదు. తెర మీద ఆ సంగతి ఎక్కడా లేదు. ఏ ప్రశ్న కొట్టినా "అందింది, జవాబు వస్తుంది" అనే చూపిస్తుంది.

అది తెలియక ముందు, బీర్కూర్ ఊరి బషీరున్నిసా మనవరాలి కన్ను ఎర్రబడితే ఆ ప్రశ్న నేనే టైపు చేశాను. జవాబు కోసం ఆమె ఇరవై రోజులు బస్సెక్కి వచ్చింది. "ఫికర్ చెయ్యకమ్మా, వస్తది" అని రోజూ చెప్పాను. చివరికి పిల్లను నిజామాబాద్ దవాఖానకు తీసుకెళితే, ఆ కంటికి ఇక చూపు రాదన్నారు.

తర్వాత ఒకసారి వచ్చి, "రాదని ముందే చెప్తే గప్పుడే దవాఖానకు పోతుంటి గద బిడ్డా" అంది. కోపంగా కూడా అనలేదు.

అక్కా, తెర మీద "జవాబు వస్తుంది" అనే ఆ మాట తీసేయండి. "ఈ సేవ ఆగిపోయింది, దవాఖానకు వెళ్లండి" అని, ప్రశ్న కొట్టకముందే కనిపించేలా పెట్టండి. నాకు అది మార్చడం చేతకాక, కాగితం మీద రాసి తెరకు అంటించాను. అప్పటి నుంచి ఎవరూ రావడం లేదు. చదువు రానివాళ్లు వస్తే నోటితో చెప్పాలని రోజంతా ఒక్కదాన్నే కూర్చుంటున్నాను.

ఇట్లు,
మీరు పని నేర్పిన ఆపరేటర్