కాలువ వైపు తిరిగిన వరండా

ఏవండీ,

మన బాపట్లలో మీరు చరిత్ర పాఠం చెప్పిన పాత కాలేజీకి దొరల కాలపు స్తంభాలూ, పెద్ద వరండా వెనకవైపు ఎందుకున్నాయని ఎవరడిగినా మీది ఒకటే జవాబు. "అది వెనక కాదండి, అదే ముఖం. అప్పట్లో జనం పడవల మీద వచ్చేవారు. కాలువలోకి పదకొండు మెట్లుండేవని మా తాత చెప్పాడు." విన్నవాళ్ళు నవ్వేవారు. మేస్త్రీ ప్లాను తిరగేసి పట్టుకున్నాడని మొదట ఎగతాళి చేసింది నేనే.

ఈ వేసవిలో కాలువకు నీళ్ళు కట్టేసి పూడిక తీస్తున్నారు. నిన్న కూరగాయలకు వెళ్తూ చూద్దును కదా, కాలేజీ వెనక గట్టు కింద రాతిమెట్లు బయటపడ్డాయి. పక్కనే రాయిలో దిగేసిన ఇనుప కడియం ఉంది.

"ఇదేంటి మామ్మగారూ, గేదెల్ని కట్టేదా?" అన్నాడు పొక్లెయిన్ డ్రైవరు.

"కాదు బాబూ, పడవల్ని" అని మీ పాఠమంతా అప్పజెప్పాను. అతను నవ్వలేదండీ. బండి ఆపి మరీ విన్నాడు.

"ఆ పడవలు ఎక్కడినుంచి వచ్చేవండి? తెనాలి నుంచా?"

నాకు తెలియలేదు. మీరెప్పుడో చెప్పే ఉంటారు. నేనే విని ఉండను.

మీరు పోయి రేపటికి ఏడాది. జ్ఞాపకార్థ కూడికలో మీ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు పాస్టరుగారు. ఈ మెట్ల సంగతే చెబుతాను. ఇవాళ సాయంత్రానికి తొమ్మిదే తేలాయి.

పదకొండనే చెబుతాను.