అన్న ఎదుట లేవని చెయ్యి

ఊరి సంఘం అధ్యక్షులు సీ బూష్తా గారికి,

సలాం. మీ మోకాళ్ల నొప్పి తగ్గిందనుకుంటాను. తగ్గకపోయినా ఈ ఉత్తరం చదవక తప్పదు.

శుక్రవారం నమాజు తర్వాత మీరు చేసిన పని ఏమిటి? గంజాయి తాగడం నేరం కాకుండా చెయ్యమని రాజధాని రబాత్‌కు అర్జీ పెడదామా అని అడిగి, ఒప్పుకునేవాళ్లను చేతులెత్తమన్నారు. తండ్రి పక్కన కొడుకు, మామ పక్కన అల్లుడు కూర్చున్న చోట! చెయ్యెత్తితే నేనూ తాగుతానని చెప్పుకున్నట్టే కదా! ఈ రీఫ్ కొండల్లో పెద్దల ఎదుట పొగ తాగినవాడు ఉన్నాడా? మా నాన్న వెలుగుతున్న గంజాయి గొట్టం చప్పున దాచబోయి అంగీ కాల్చుకున్నాడు. అప్పటికి మా తాతకు చూపే లేదు! ఒక్క చెయ్యీ లేవకపోయేసరికి, ఊరికి ఇష్టం లేదని తేల్చేశారు. ఊరంతా పండించేది అదే కదండీ!

మా అన్న అల్లాల్ కొడుకు మీమూన్ చిటికెడు గంజాయి తాగినందుకు జైల్లో ఉన్నాడు. మా ఆశంతా ఆ అర్జీ మీదే. ఇంటికి రాగానే అన్నను నిలదీశాను.

"కన్నకొడుకు కోసమైనా చెయ్యెత్తలేవా?"

"తమ్ముడివి నువ్వు చూస్తుంటే ఎలా ఎత్తనురా? నువ్వెందుకు ఎత్తలేదు?"

"నువ్వున్నావుగా!"

వదిన టీ గ్లాసులు ఠపీమని పెట్టింది. "మీ మర్యాదలు మండ! నన్ను పిలిచుంటే రెండు చేతులూ ఎత్తేదాన్ని."

కనుక మళ్లీ సభ పెట్టండి. ఈసారి ఆడవాళ్లనే పిలవండి. మీమూన్ తల్లి ముందు వరసలో కూర్చుంటుంది. ఊరికి ఇష్టం లేదన్న మాట ఆవిడ మొహం చూసి చెప్పండి, వింటాను.

ఇట్లు,
మీ పొరుగువాడు