వెనక సీటు ఎత్తు

జూన్ 8, ఆదివారం

పాత స్కూటరు ఇవాళ పోయింది. పోయిందంటే అమ్మేశాం. కొన్నతను స్టార్ట్ కూడా చేసి చూడకుండా తోసుకుంటూ తీసుకెళ్లాడు. దాని మొహానికి ఆ మర్యాద చాల్లే అన్నారు ఈయన.

ఇక మోటార్ సైకిల్. ఒకే బండి, మూడు పనులు. రోజూ ఆఫీసుకి వెళ్లిరావాలి. వెనక నన్ను ఎక్కించుకోవాలి. అమ్మాయి హాస్టల్లో చేరిపోయింది కాబట్టి సెలవులొస్తే మేమిద్దరం సముద్రం దాకా వెళ్లిరావాలి. ఊళ్లు తిరిగేవాళ్లకి ప్రయాణాలకి వేరే బండి, ఆఫీసుకి వేరే బండి ఉంటాయట. మనకి సర్వాంతర్యామి కావాలి అని నవ్వారు. యాభైకి దగ్గరపడ్డ మనిషి ఇంత హుషారుగా ఉంటే నాకూ సంతోషం వేయాలి. వేసింది కూడా. కాసేపు.

తర్వాత మెట్ల మలుపులో ఆయన ఎడమ చెప్పు కనబడింది. మనిషి పైకి వచ్చేశారు, చెప్పు అక్కడే ఉండిపోయింది. జారిన సంగతి ఆయనకి తెలియలేదు. ఇది మొదటిసారి కాదు. తెచ్చి గుమ్మం పక్కన రెండోదాని జతగా పెట్టాను. 

జూన్ 11

కాలి సంగతి ఎత్తాను. కొత్త బూట్లు కరిచాయట. బూట్లు కరిస్తే చెప్పు ఎందుకు జారుతుంది అని అడగాలి కదా. అడగలేదు. ఒకసారి డాక్టర్‌కి చూపిద్దాం అన్నాను. అంతే, ఒంటికాలి మీద లేచారు. (రాశాక చూసుకుంటే ఈ మాట ఎంత పాపిష్టిగా ఉందో. కొట్టేయను.) కాసేపటికి చల్లబడి, బండి రానీ, వెళ్దాం, డాక్టరెక్కడికీ పారిపోడుగా అన్నారు.

స్కూలు పుస్తకాల ఎడిటింగ్ నా ఉద్యోగం. ఏ వాక్యం మీద అనుమానమొచ్చినా మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెడతాను. రాసినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా జవాబు చెప్పి తీరాలి. ఇంట్లో మార్జిన్ లేదు.

జూన్ 15, ఆదివారం

మొదటి షోరూమ్. తమ్ముడు కూడా వచ్చాడు. వాడికి బండ్ల పిచ్చి, బావకి తోడు దొరికింది. ఇద్దరూ చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని మాట్లాడుకుంటుంటే నేను బ్యాగు పట్టుకుని నిలబడ్డాను.

టెస్ట్ రైడ్ అంటే నడిపేవాళ్లకే. వెనక కూర్చునే మనిషికి టెస్ట్ ఎవరూ పెట్టరు. ఈయన మాత్రం పట్టుబట్టి నన్ను ఎక్కించుకున్నారు. ఆవిడ లేకుండా నేను తిరిగేదెక్కడ అన్నారు సేల్స్ అమ్మాయితో. ఆమె ముచ్చటపడింది. నేనూ పడ్డాను.

స్కూటరుకి కాలితో గేర్లు వేయక్కర్లేదు, నేల కూడా దగ్గరే. అందుకే ఇన్నాళ్లూ దాగిందేమో. దీనికి ఎడమ పాదాన్ని లివర్ కిందికి దూర్చి పైకి ఎత్తాలి. ఎత్తలేకపోయారు. ఇంజను రొద పెడుతూనే ఉంది, గేరు పడలేదు. గేర్‌బాక్స్ మొండిది అన్నారు.

సిగ్నల్ దగ్గర ఆగాం. బండి ఎడమకి ఒరిగింది. ఆయన కాలు కిందికి దిగాలి. దిగలేదు. వీపు బిగుసుకోవడం నాకు తెలిసింది. కాలికి చెబుతున్నారు, అది వినడం లేదు. నేనేమీ ఆలోచించలేదు. నా ఎడమ కాలు దానంతటదే దిగి నేలకి తన్నిపట్టి నిలబడింది. బండి ఆగింది. తర్వాత ఆయన కాలు కూడా వచ్చి ఆనింది, ఆలస్యంగా వచ్చిన చుట్టంలా.

ఆయన వెనక్కి తిరగలేదు. 

జూన్ 16

పిక్క పట్టేసింది. మెట్లు దిగడం ఎక్కువైందని చెప్పాను.

జూన్ 22, ఆదివారం

ఇంకో రెండు షోరూములు. ఒకదానికి క్లచ్ గట్టిగా ఉందట. ఇంకోదానికి గేరు లివర్ ముందు వైపే ఉందట, వెనక మడమతో తొక్కేది లేదట. మడమ లివర్ లేకపోతే బండే వద్దన్నారు. తమ్ముడు పడీపడీ నవ్వాడు. బావా, అది పాల క్యాన్లు మోసే బండ్లకి పెడతారయ్యా, నీకెందుకు అన్నాడు. ఈయన కూడా నవ్వి, మీ అక్క కూడా బరువేరా అన్నారు.

కాలు పైకి ఎత్తలేని మనిషి మడమతో కిందికి తొక్కగలడు. నాకు అర్థమైంది. ఆయనకి అర్థమైందని కూడా అర్థమైంది. లేకపోతే అది ఉత్త అలవాటేనేమో. పెళ్లయిన కొత్తలో ఈయన నడిపిన మా నాన్నగారి బండికీ మడమ లివరే ఉండేది.

ఇన్ని వంకలు పెట్టేవాడివి మా అక్కని ఎలా ఒప్పుకున్నావు బావా అని తమ్ముడు. ఒప్పుకుంది మీ అక్కరా, నేను కాదు అని ఈయన. అందరూ నవ్వారు. పాడయింది బండ్లు కావురా అని వాడికి చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది. మింగేశాను. వాడికి చెబితే వాడు బావని నలుగురిలో నిలదీస్తాడు. నేను చెబితే ఆయన మొహం ఎలా మారుతుందో నేను చూడాలి. రెండూ నావల్ల కావు.

జూన్ 29, ఆదివారం

ఇవాళ ఆయన మనసుపడ్డ బండి. ఎత్తుగా, పొడుగు కాళ్ల పక్షిలా ఉంది. దూరప్రయాణాలకి దాన్ని మించింది లేదని తమ్ముడు. పైగా మడమ లివర్ బిగించి ఇస్తామన్నారు. ట్యాంకు మీద ఈయన చేయి పెట్టి నిమిరిన తీరు చూశాను. అమ్మాయి పుట్టినప్పుడు అలా నిమిరారు.

వెనక సీటు ఎక్కాలంటే నాకు పెళ్లికూతురికి వేసినట్టు స్టూలు వేయాల్సి వచ్చింది. పైనుంచి చూస్తే నేల పాతాళంలో ఉంది. బాగుంది, గాలి బాగా తగులుతోంది అన్నాను. నిజంగానే బాగుంది.

తిరిగొచ్చేటప్పుడు షోరూమ్ గేటు దగ్గర ఆగాల్సి వచ్చింది. ఒరిగింది. కాలు చాచాను, నేల అందలేదు. సేల్స్ అమ్మాయి పరుగున వచ్చి హ్యాండిల్ పట్టుకుంది కాబట్టి సరిపోయింది.  ఈయన దిగి, హెల్మెట్ తీసి, మామూలుగా నవ్వుతూ ఆమెతో ఏమన్నారో తెలుసా? వెనక సీటు మరీ ఎత్తండీ, మా ఆవిడ కాలు అందట్లేదు, ఇది వద్దు అన్నారు.

నా మీద పెట్టారు! నాకు బాగుందని చెప్పాక కూడా. దారంతా మాట్లాడలేదు. తన కాలి సంగతి కప్పిపుచ్చుకోవడానికి నా కాలు అడ్డం పెట్టుకున్నారు. మొగుడూపెళ్లాల మధ్య ఇలాంటివి మామూలేనని రాయబోయి ఆగాను. మామూలు కాదు.

జూలై 6

ఖాయమైంది. పొట్టి బండి, బరువు తక్కువ, మడమ లివర్, వెనక వెడల్పు సీటు. అన్ని పనులకీ పనికొచ్చేదే, దేనికీ గొప్పది కాదు. ఇది తీసుకుంటే మీ ఇద్దరికీ జుట్టు నెరిసినట్టే అని తమ్ముడు పెదవి విరిచాడు.

టెస్ట్ రైడ్‌లో చాలాసార్లు ఆగాం. ఆగిన ప్రతిసారీ నా కాలు దిగింది. బండి నిటారుగా, బుద్ధిగా నిలబడింది. చూశావా, దీని బ్యాలెన్సే వేరు అన్నారు దిగాక. తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు.

జూలై 7

తప్పు చేశాను. పాసయింది బండి కాదు, నా కాలు. నేను దించకుండా ఉంటే ఏ ఖాళీ రోడ్డు మీదో మెల్లగా పడి, మోచెయ్యి గీసుకుని, బండి ఆలోచనే మానేసేవారు. పరీక్ష రాస్తున్న పిల్లాడికి జవాబు అందించినట్టు అందించాను. రేపు పెద్ద రోడ్డు మీద, లారీల మధ్య, ఆయన ఒక్కరే ఆగుతారు. అప్పుడు?

జూలై 8

ఇవాళ చెప్పేద్దామని ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఫోన్‌లో సముద్రం దారి చూపించారు. ఇక్కడ ఆగుదాం, ఇక్కడ నువ్వు ఫోటోలు తీసుకోవచ్చు అన్నారు. సరే అన్నాను.

జూలై 19

బండి వచ్చింది. అమ్మాయి వీడియో కాల్‌లో చూసి, నాన్నా, అందరి నాన్నలకీ ఈ వయసులో పిచ్చి పడితే ఎర్ర బండి కొంటారు, నువ్వేంటి బూడిద రంగు కొన్నావు అంది. మీ అమ్మ జుట్టుకి మ్యాచింగ్ అన్నారు. అమ్మా, నువ్వు గట్టిగా పట్టుకో, ఈయన మాటలు నమ్మకు అంది. నమ్మట్లేదులే అన్నాను.

రేపు కాక ఎల్లుండి సోమవారం. ఒక్కరే ఆఫీసుకి వెళ్లాలి.

జూలై 21, సోమవారం, ఉదయం

ఆయన తాళం తీసుకున్నారు. నేను గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. హెల్మెట్ పెట్టుకుంటూ, నువ్వూ తయారవ్వు, రోజూ బస్సులో నలిగిపోవడం ఎందుకు, మీ ఆఫీసు దాకా దించుతాను అన్నారు. మా ఆఫీసు ఆయన ఆఫీసు దాటాక ఉంది. దించి మళ్లీ వెనక్కి రావాలి కదా, ఆ ముక్క దూరం ఒక్కరే కదా అన్నాను. కాదు, నా ఆఫీసు దగ్గర ఆపుతాను, అక్కణ్ణించి నువ్వు నడుచుకుంటూ వెళ్లు, ఒంటికి మంచిది అన్నారు.

ఎగిరి గంతేసినంత పని చేశాను. దేవుడు నా మొర విన్నాడనుకున్నాను. దేవుడికి ఇందులో పనేమీ లేదని అప్పటికింకా తెలియదు. (ఈ చివరి వాక్యం ఆగస్టులో చేర్చాను.)

ఆగస్టు 3

రెండు వారాలుగా ఉదయం, సాయంత్రం. ఒక్క చోట కూడా పడలేదు. ఒక్కరే ఎక్కడికీ వెళ్లలేదు. పాల ప్యాకెట్‌కి కూడా నడిచే వెళ్తున్నారు. బండి కొన్నది తుడుచుకోవడానికేనా బావా అని తమ్ముడు అడిగితే, కొత్త బండి, మురిపెం తీరనీ అన్నారు.

చెప్పు మళ్లీ జారింది. ఈసారి వంటింట్లో.

ఆగస్టు 9, శనివారం

సీట్లు కుట్టే షాపులో ఇచ్చిన బండి తెచ్చుకోవడానికి ఇద్దరం వెళ్లాం. కవర్ మార్పించడానికి ఇచ్చారనుకున్నాను. ఆయన ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్లారు. సీటు కుట్టినతను నన్ను చూసి, మీరేనా అమ్మా వెనక కూర్చునేది అన్నాడు. అందరూ ముందు సీటు తగ్గించమంటారు, నడిపేవాళ్ల కాళ్లు అందాలని. మీ సారు మాత్రం వెనకది కోసెయ్యమన్నారు. మెత్తదనం పోతుంది, అమ్మగారికి నడుం నొప్పొస్తుంది అని చెప్పాను, వింటేనా? పోతే పోనీ, ఆవిడ కాలు నేలకి పూర్తిగా ఆనాలి, ఇప్పుడు వేళ్లే ఆనుతున్నాయి అన్నారు. ఒకసారి ఎక్కి చూడండి, తేడా ఉంటే ఇంకొంచెం కోస్తాను అంటూ బండి నా వైపు తిప్పాడు.

ఎక్కాను. ఎడమ కాలు దించాను. మడమతో సహా ఆనింది.

సరిపోయిందా అమ్మా అన్నాడు.  తల ఊపాను.

మా ఆవిడ కాలు అందట్లేదు, ఇది వద్దు. అలాగే కదా అన్నారు ఆ రోజు. నామీద నెట్టారని ఎన్ని రోజులు ముభావంగా ఉన్నాను! ఆయన ఉన్నదే చెప్పారు. ఇన్ని షోరూములు తిరిగి ఆయన చూసింది ఇంజను కాదు. వెనక సీటు ఎత్తు.

బయటికొచ్చేసరికి ఆయన ఫోన్ జేబులో పెట్టుకుంటున్నారు. బాగుందా అన్నారు. గట్టిగా ఉంది అన్నాను. అలవాటవుతుందిలే అన్నారు.

ఆగస్టు 10

తెలిసినట్టు ఇద్దరికీ తెలుసు. తెలిసిందని చెప్పుకోవడానికి ఎవరం ముందు నోరు తెరవాలి? నాకు సైకిలు కూడా రాదు, లేకపోతే హ్యాండిల్ నేనే పట్టుకునేదాన్ని. కాలికి బదులు కాలు ఇచ్చాను. మాటకి బదులు ఏమివ్వాలో తెలియడం లేదు.

ఆగస్టు 18

ఆగబోయే ముందు ఎడమ మోచేత్తో నా మోకాలిని మెల్లగా తాకుతున్నారు. కాలు దించుతున్నాను. బయలుదేరే ముందు మళ్లీ తాకుతారు. తీస్తున్నాను. ఎప్పుడు మొదలైందో గుర్తు లేదు. దీని గురించి కూడా మాట్లాడుకోలేదు.

చెప్పకూడదు గానీ, ఇన్నేళ్లలో ఇంత ఒద్దికగా మేమేదీ చేయలేదు.

ఆగస్టు 31

సముద్రం అన్నాను. చలికాలం రానీ అన్నారు.

సెప్టెంబర్ 7

బాత్రూమ్‌లో పడ్డారు. దెబ్బేమీ లేదు. నేల మీద కూర్చునే, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్దాం అని ఆయనే అడిగారు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

సెప్టెంబర్ 13, శనివారం

సూదులు గుచ్చి, కాలికి కరెంటు పెట్టి చూశాడు డాక్టర్. పాదానికి నరం కబురు పంపడం మానేసిందట. మళ్లీ పంపుతుందని నేను చెప్పలేను, కుడి కాలి మీద కూడా కన్నేసి ఉంచాలి అన్నాడు. ఎన్నాళ్ల నుంచి అంటే ఈయన బూట్ల సంగతి చెప్పబోయి మానేశారు. బండిగానీ నడుపుతున్నారా అని అడిగాడు.

ఆయన నా వైపు చూశారు. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను.

నడుపుతున్నాం అన్నారు ఆయన.

ఇవాళ్టితో మానేయండి అన్నాడు డాక్టర్.

సెప్టెంబర్ 13, సాయంత్రం

బండి ఆస్పత్రి ముందే ఉంది. ఇల్లు చేరేదాకా అన్నారు. ఎక్కాను.

పెద్ద సిగ్నల్. మోచెయ్యి తాకింది, కాలు దించాను. పచ్చ లైటు పడింది. మోచెయ్యి తాకింది. వెనక హారన్లు. కదలండమ్మా అని ఎవరో అరిచారు. మోచెయ్యి మళ్లీ తాకింది.

నేను కాలు తీయలేదు.